మేఘంలో దాచిన కాగితానికి అద్దె ఎంత?

(సంఘం వార్షిక సమావేశంలో, లంబసింగిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం క్లౌడ్ స్టోరేజి, దాని ఖర్చు. ఆ పేరు చదవగానే వెనుక వరుసలో కొందరు నవ్వారు. నవ్వవలసిందే. లంబసింగిలో కూర్చుని మేఘం గురించి ఉపన్యాసం వినటమేమిటి, తలుపు తీస్తే అదే ఇంట్లోకి వస్తుంది గదా! అయితే ఈ మేఘం ఆ మేఘం కాదు. మనం ఫోనులో తీసిన ఫోటోనో, స్కాను చేసిన కాగితాన్నో వేరే ఊళ్ళో, వేరేవాళ్ళ కంప్యూటర్లో దాచుకోవటానికి పెట్టుకున్న ముద్దుపేరు క్లౌడ్. ఆ కంప్యూటర్లు ఆకాశంలో లేవు, పెద్ద పెద్ద షెడ్లలో నేల మీదే వున్నాయి. వాటికి కరెంటు కావాలి, వేడెక్కకుండా చల్లబరచాలి, ఒకటి చెడిపోతే ఇంకొకటి అందుకోవాలి గనుక మన ఫైలు ఒక్కటే అయినా దాని నకళ్ళు రెండు మూడు చోట్ల వుంచాలి. ఇంత ఖర్చు వుంది గనుకనే అద్దె వుంది. 2025 అక్టోబరు 14న గూగుల్ కంపెనీ ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఇటువంటి కేంద్రాన్ని మన విశాఖపట్నంలోనే నిర్మిస్తామని ప్రకటించింది. అంటే కొండ దిగి వెళ్తే మేఘం కనబడే రోజు దగ్గర పడిందన్నమాట. అయినా ఫ్యాక్టరీ మన జిల్లాల్లో వున్నంత మాత్రాన సిమెంటు మనకు చవకగా వస్తున్నదా? ఇదీ అంతే.

ఈ విషయం మన సభకు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. మన కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు వున్నాయి. సంఘం కాగితాలు, ఫోటోలు, వీడియోలు అన్నీ ఒకచోట భద్రంగా వుండాలి, ఏడాదికి 6500 రూపాయలు కట్టి 2 టీబీ స్థలం తీసుకుందామని యువకులు అంటున్నారు. ఆ 6500 రూపాయలతో ఎంతమంది పిల్లలకు నోటు పుస్తకాలు వస్తాయో తెలుసా అని పెద్దలు అంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. అందుకని నేను నా పద్ధతిలో, అంటే బడిపంతులు పద్ధతిలో, బోర్డు మీద లెక్క వేసినట్టు వేసి చూపిస్తాను.

ముందు ధరల సంగతి. సమాచారం దాచటానికి అద్దె కట్టటం కొత్తేమీ కాదు. 1956లో ఐబీఎం కంపెనీ మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని తెచ్చినప్పుడు దాన్ని నెలకు 3200 డాలర్ల అద్దెకు ఇచ్చింది. ఆ డిస్కులో పట్టేది ఇవ్వాళ్టి లెక్కలో ఐదు ఎంబీకి లోపే. మీ జేబులో ఫోను తీసే ఫోటో ఒకటో, మహా అయితే రెండో! 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి ఒక జీబీ ఉచితం అన్నప్పుడు అది ఏప్రిల్ ఫూల్ వేళాకోళం అనుకున్నవాళ్ళు వున్నారు. 2006లో అమెజాన్ జీబీకి నెలకు 15 సెంట్లు అని అద్దె ప్రకటించి ఈ వ్యాపారానికి దారి తీసింది. ధర పడిపోతూ వచ్చింది, ఉచితం పెరుగుతూ వచ్చింది, మనకు అలవాటైపోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా కూడా చవక కావటంతో ఇక లెక్క చూసుకునే పనే లేకపోయింది.

2021 జూన్ 1న అసలు లెక్క మొదలైంది. అంతవరకు గూగుల్ ఫోటోస్‌లో కొద్దిగా నాణ్యత తగ్గించి ఎన్ని ఫోటోలైనా ఉచితంగా పెట్టుకోనిచ్చేవారు. ఆ రోజు నుంచి ఎక్కించే ప్రతి ఫోటో మన 15 జీబీ వాటాలో కొలత పడుతున్నది. ఆ 15 జీబీలోనే మెయిలు, డ్రైవ్, ఫోటోలు మూడూ సర్దుకోవాలి. తరువాత 2024లో ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ వాటాలోకే వచ్చి కూర్చుంది. ఈ చివరిదే మన ఇళ్ళలో గొప్ప నష్టం చేసింది. శుక్రవారం పొద్దున్నే జుమ్మా ముబారక్ బొమ్మలు, రంజాన్ నెలంతా సహరీ దువా వీడియోలు, పండగ మూడు రోజులూ గులాబీ పూలు — ఒకే బొమ్మ పదకొండు గ్రూపుల్లో పదకొండు సార్లు. దువా మంచిదే, పంపినవారి నియ్యత్ మంచిదే. కాని ఆ పదకొండు నకళ్ళకూ మీరు అద్దె కడుతున్నారు.

వాటా నిండిపోతే ఏమవుతుంది? కొత్త ఫోటో ఎక్కదు, మెయిలు రాదు, పోదు. నా శిష్యురాలొకామెకు ఇదే జరిగింది. ఏ కంపెనీ ఖాతా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇంటిల్లిపాదికీ వున్నది ఒకే ఖాతా. అన్న పెళ్ళి వీడియోలతో అది నిండిపోయింది. ఆ అమ్మాయికి కాలేజీ నుంచి రావలసిన ఉత్తరం రాలేదు, సీటు గడువు దాటాక గాని విషయం తెలియలేదు. ఆ అమ్మాయి మరుసటి ఏడు చేరింది, అల్‌హందులిల్లాహ్. కాని ఒక ఆడపిల్ల చదువులో ఒక సంవత్సరం ఖరీదు ఎంతో, ఆ ఏడాదిలో ఇంట్లో ఎన్ని సంబంధాలు వచ్చి పడతాయో తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక డబ్బు కట్టి తీసుకుంటే ఎంత? ఈ ప్రసంగం సిద్ధం చేసుకునేటప్పుడు నేను చూసిన ధరలు చెబుతాను, మీరు కట్టే రోజున మళ్ళీ చూసుకోండి. గూగుల్ వారిది 100 జీబీకి నెలకు 130 రూపాయలు, ఏడాదికి ఒకేసారి అయితే 1300. రెండు టీబీకి నెలకు 650, ఏడాదికి 6500. ఆపిల్ ఫోన్లవారికి ఉచితం 5 జీబీ మాత్రమే, 50 జీబీ కావాలంటే నెలకు 75 రూపాయలు.

నెలకు 130 అంటే పట్నంలో ఒక బిర్యానీ పొట్లం, ఏముంది అంటారు. అన్నవారు తప్పేమీ అనలేదు, వారి జేబు నుంచి చూస్తే అంతే. కాని 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా పెట్టారు. అంటే 1300 రూపాయలు నాలుగు రోజుల కూలి దాటుతుంది. మన సంఘంలో మెకానిక్కులు వున్నారు, బండి మీద బట్టలు అమ్ముకునేవాళ్ళు వున్నారు, కుట్టుమిషను మీద ఇల్లు నడిపే ఆపాలు వున్నారు. వారికి నాలుగు రోజుల కష్టం ఏటేటా ఒక కంపెనీకి ఇవ్వటమంటే, ఎందుకు ఇస్తున్నానో తెలిసి ఇవ్వాలి.

పైగా అద్దె ఒక్కటే ఖర్చు కాదు. మేఘంలోకి ఎక్కించటానికి డేటా కావాలి. 2024 జూలైలో 239 రూపాయల జియో రీచార్జి 299 అయింది. 28 రోజులు, రోజుకు ఒకటిన్నర జీబీ. ఆ డేటాతో 100 జీబీ ఎక్కించాలంటే, ఇంకే పనికీ ఫోను ముట్టుకోకుండా, 67 రోజులు పడుతుంది. అంటే రెండు రీచార్జులు అయిపోయి మూడోది సగం. అదీ సిగ్నలు నిలకడగా వుంటే. 2023 జూన్‌లో ఒకేసారి ప్రారంభించిన 100 టవర్లలో 85 మన అల్లూరి జిల్లాకే ఇచ్చారు, ఆ మేలు కాదనలేం. అయినా ఈ కొండల్లో ఒక మలుపు తిరిగితే సిగ్నలు పోతుందని ఇవ్వాళ బస్సులో వచ్చినవారందరికీ అనుభవమే. వైఫై వున్న పట్నంవాసికి చెప్పే ధర వేరు, కొండ మీది మనిషికి పడే ధర వేరు.

ఇప్పుడు ఉచితం అనే మాట గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 2025 మే నెలలో ఎయిర్‌టెల్ తన పోస్ట్‌పెయిడ్, వైఫై ఖాతాదారులకు 100 జీబీ గూగుల్ స్థలం ఆరు నెలలు ఉచితం అన్నది. ఆ తరువాత నెలకు 125 రూపాయలు బిల్లులో కలుస్తుంది, వద్దనుకున్నవారు మానుకోవచ్చు. 2025 అక్టోబరు నెలాఖరున జియో, గూగుల్ కలిసి 18 నెలలపాటు 2 టీబీ స్థలంతో కూడిన ప్లాను ఉచితం అన్నాయి, దాని విలువ 35,100 రూపాయలని వారే చెప్పారు. 35,100ని 18తో భాగించండి. పిల్లలు, ఎవరు ముందు చెబుతారు? అవును, 1950. ఉచితం అయిపోయిన మరుసటి నెల ఆ ప్లాను అట్లాగే కొనసాగాలంటే అది నెల అద్దె.

ఇందులో దాపరికం ఏమీ లేదు, అన్నీ చెప్పే ఇస్తున్నారు. కాని మనిషి స్వభావం చూడండి. గోడౌను పెద్దదైతే సరుకు పెరుగుతుంది. 18 నెలల్లో 400 జీబీ నింపుకున్నవాడు మళ్ళీ 15 జీబీలోకి ఎట్లా దిగుతాడు? గడువు దాటాక వాటా కంటే ఎక్కువ వున్న ఖాతాలో కొత్తవి ఎక్కవు. రెండేళ్ళు అట్లాగే వదిలేస్తే వున్నవి తీసేసే హక్కు గూగుల్ తన నిబంధనల్లో పెట్టుకుంది. రెండేళ్ళు అసలే తెరవని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి తొలగిస్తున్నారు కూడా.

మన చింతపల్లి వైపు వ్యాపారులకు గోడౌను లెక్క బాగా తెలుసు. పసుపో, మిరియాలో గోడౌనులో పెడితే, ధర వచ్చేదాకా అద్దె కట్టి, అమ్మేసి, అద్దె పోను మిగిలింది ఇంటికి తెచ్చుకుంటాం. ఈ మేఘం గోడౌనులో సరుకు అమ్ముడు పోయేది కాదు, బయటకు తీసే రోజూ లేదు. అద్దె మాత్రం మనవడి దాకా నడుస్తుంది. కనుక అడగవలసిన ప్రశ్న ధర ఎంత అని మాత్రమే కాదు, లోపల పెట్టేది ఏమిటి అని కూడా.

ఆ లెక్కే నేను మన సంఘం బీరువా ముందు కూర్చుని వేశాను. నిఖా రిజిస్టర్లు, చందా పుస్తకాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, కబరస్తాన్ కాగితాలు, తీర్మానాల పుస్తకాలు — అన్నీ కలిపి ఎనిమిది వేల పేజీల లోపు. ఒక పేజీ శుభ్రంగా స్కాను చేస్తే సుమారు అర ఎంబీ. అంటే సంఘం చరిత్ర అంతా నాలుగు జీబీ! ఉచితంగా ఇచ్చే పదిహేనులో మూడో వంతు కూడా నిండదు. మరి 2 టీబీ ఎందుకు కావలసి వచ్చిందయ్యా అంటే, వార్షికోత్సవం వీడియోలు, మీలాద్ జల్సా వీడియోలు, డ్రోను ఎగరేసి తీసినవి, ఆరేడు వందల జీబీ వున్నాయి. మంచి వీడియో నిమిషానికి వంద ఎంబీ దాకా తింటుంది. నేను కూడా ఆ వీడియోల్లో వున్నాను, నా ప్రసంగాలు కూడా వున్నాయి. అవి పోతే ఎవరికీ ఒక ముద్ద అన్నం తగ్గదు.

ఆ నాలుగు జీబీ పోతే మాత్రం తగ్గుతుంది. మనం వుంటున్నది ఏజెన్సీ ప్రాంతం. 1970 నాటి ఒకటవ నంబరు సవరణ రెగ్యులేషను, జనం వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, ఇక్కడ భూమి గిరిజనేతరుల చేతికి మారటానికి వీల్లేదని చెబుతున్నది. గిరిజనుల భూమి వారికే వుండాలన్నది న్యాయమైన చట్టం, దానికి ఎదురు చెప్పటం నా ఉద్దేశం కాదు. అందువల్లనే, మన పెద్దలను ఖననం చేసిన నేల ఏ సంవత్సరంలో ఏ కాగితం మీద వచ్చిందో మనం చూపగలిగి వుండాలి. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్ తెరిచి వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో ఎక్కించమన్నప్పుడు ముతవల్లీలు ట్రంకు పెట్టెలు దించి వెతుకులాడటం అందరం చూశాం. అటువంటి సమయంలో కాగితం చేతిలో వుండటం వేరు, వుండేదండీ అని చెప్పటం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు ఎన్ని ఇళ్ళలో కాగితాలు తడిసి ముద్దయ్యాయో గుర్తుచేసుకోండి. ఇక్కడ తుఫాను కూడా అక్కరలేదు. ఈ మంచుకు, ఈ తేమకు బీరువాలో రిజిస్టర్లు బూజు పట్టి ఒక పేజీ ఇంకో పేజీకి అంటుకుంటున్నాయి.

ఇళ్ళ సంగతి కూడా ఇదే. బడిలో పేర్లు రాసుకునేవాణ్ణి గనుక నాకు తెలుసు — మనవాళ్ళ పేరు ఉర్దూలో ఒక విధంగా, తెలుగులో ఒక విధంగా, ఇంగ్లీషులో మూడు విధాలుగా వుంటుంది. ఒకచోట షేక్, ఒకచోట షేఖ్. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకొకదానిలో వెనుక. ఆఫీసులో గుమాస్తా ఈ ఇద్దరూ ఒకరేనా అని అడిగితే జవాబు ఆ పాత కాగితాలే. కనుక టీసీ, పదో తరగతి మార్కుల జాబితా, బీసీ-ఇ సర్టిఫికెట్టు, నిఖానామా, మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రశీదులు, అప్పు పత్రాలు — ఇవి ఇంటికి వంద పేజీలు దాటవు. యాభై ఎంబీ! ఒక నిమిషం పెళ్ళి వీడియోలో సగం. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి 2015లో మొదలైన డిజిలాకర్‌లో ఉచితంగా వస్తాయి, మన సొంత కాగితాలకు కూడా అందులో ఒక జీబీ ఇచ్చారు. ఇవ్వటం పుచ్చుకోవటం రాసి పెట్టుకోమని సూరె బఖరా 282వ ఆయత్‌లో మనకు ఆదేశం వుంది. ఖురాన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైన ఆయత్ అదే. రాసింది దాచుకోవటం కూడా అందులో భాగమేనని నా మనవి, తప్పైతే మౌలానా సాబ్ సరిదిద్దుతారు.

ఇక ఫోటోలు. ఇక్కడ నేను కఠినంగా చెప్పలేను. గల్ఫ్‌లో వున్న కొడుకు పంపినవి, పోయిన అమ్మీ నవ్వుతూ వున్నది ఒకే ఒకటి — వీటికి లెక్క కట్టలేం. కాని ఆ ఒక్క ఫోటో మూడు ఎంబీ. పదిహేను జీబీలో అటువంటివి ఐదు వేలు పడతాయి. అమ్మీ ఫోటో పోతున్నది చోటు లేక కాదు, గులాబీ పూల కింద పూడిపోయి పోతున్నది. నెలకొకసారి ఇంట్లో ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి వాట్సాప్ చెత్త తీయించండి, బ్యాకప్‌లో వీడియోలు వద్దని గుర్తు పెట్టించండి. అప్పటికీ చాలనివారు కొనుక్కోండి, తప్పు లేదు. కాని ఒక్కొక్కరు విడివిడిగా కొనవద్దు. గూగుల్ ప్లానును కుటుంబంలో మొత్తం ఆరుగురు పంచుకోవచ్చు, ఒకరి ఫైళ్ళు ఇంకొకరికి కనబడవు. 1300ని ఆరుగురు పంచుకుంటే తలకు ఏడాదికి 217 రూపాయలు. అన్నదమ్ములు పొలం గట్టు మీద పడకపోయినా దీని మీద మాత్రం ఒక మాట మీద వుండాలి, ఎందుకంటే కట్టేవాడు మానేస్తే ఆరుగురికీ స్థలం పోతుంది. ఉర్దూ పుస్తకాలు దింపుకుని నింపుకునే నాబోటి వారికి ఇంకో మాట. 2013 నుంచి రేఖ్తా వారు వేల పుస్తకాలు ఉచితంగా చదవటానికి పెట్టారు. అక్కడ వున్నదాన్ని మన ఖాతాలో మళ్ళీ దాచి అద్దె ఎందుకు కట్టాలి?

కార్యవర్గానికి నా సూచన ఇది. 6500 రూపాయల ప్లాను వద్దు. నాలుగు జీబీ కాగితాలు సంఘం పేరున ఒక ఉచిత ఖాతాలో పెడదాం. ఆ ఖాతాలో జల్సా ఫోటో ఒక్కటి కూడా పెట్టకూడదు. వీడియోల కోసం ఒకసారి రెండు హార్డ్ డిస్కులు కొందాం. ఒకటి సంఘం బీరువాలో తేమ పీల్చే పొట్లంతో సహా స్టీలు డబ్బాలో, రెండవది నర్సీపట్నంలో. ఒక్క డిస్కే అయితే అది ఏనాడు చెడిపోతుందో ఎవరూ చెప్పలేరు, అందుకే రెండు. ఆరు నెలలకొకసారి తెరిచి చూడాలి. ఖర్చు ఒకసారే. ఆ డబ్బు సాధారణ చందాల నుంచి తీయాలి. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలు చెప్పబడి వున్నాయి, అందులో హార్డ్ డిస్కు లేదు.

ఖాతా ఎవరి పేరున అన్నది ధర కంటే పెద్ద విషయం. ఒక యువకుడి సొంత ఫోను నంబరు మీద తెరిస్తే, అతడు దుబాయ్ వెళ్ళిన రోజున మన కబరస్తాన్ కూడా దుబాయ్ వెళ్తుంది. సంఘం నంబరు మీద తెరిచి, పాస్‌వర్డు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గర, సీలు వేసిన కవరులో ఒకటి అధ్యక్షుల వారి దగ్గర వుండాలి. ఎన్నికలైన ప్రతిసారి మార్చాలి. ఇళ్ళలో కూడా పెద్దమనిషి పోయాక ఫోను తెరవలేక ఏడ్చే కుటుంబాలు వున్నాయి. ఖాతా కొంతకాలం తెరవకపోతే ఎవరికి అప్పగించాలో ముందే రాసుకునే ఏర్పాటు గూగుల్‌లో వుంది, వసియ్యత్ రాసేటప్పుడు అది కూడా పూర్తి చెయ్యండి. ఇంకొకటి. జకాత్ అందుకున్నవారి జాబితా, వితంతువుల పేర్లు వున్న కాగితం ఎట్టి పరిస్థితిలోనూ లింకు వున్న ఎవరైనా చూడవచ్చు అనే పద్ధతిలో పంచవద్దు. అది వారి ఇజ్జత్, మన దగ్గర అమానత్.

స్కానింగు పని వచ్చే రెండు ఆదివారాలు జుహర్ తరువాత సంఘం గదిలో జరుగుతుంది. మా బడి పదో తరగతి పిల్లలు నలుగురు సాయానికి వస్తామన్నారు. ఇంటి కాగితాలు తెచ్చేవారు స్టేపుల్ పిన్నులు ఊడదీసి, మడతలు విప్పి, వరుసలో పెట్టుకుని రండి. బూజు పట్టిన రిజిస్టర్లను ఎండలో పెట్టవద్దు, నీడలో ఆరబెట్టండి. అంటుకున్న పేజీలను లాగకుండా అట్లాగే తీసుకురండి, అవి నేను చూస్తాను.